స్క్రీన్లు ఆగిపోయినా మీ ప్రయాణం ఆగకుండా: విదేశాలకు బయల్దేరే ముందు చేసుకోవాల్సిన ఏర్పాట్లు

1999 డిసెంబరు 31 రాత్రి, సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే గుర్తుంచుకునే కంప్యూటర్లు 2000ను 1900 అనుకుని ఏమైపోతాయోనని లోకమంతా భయపడింది. పెద్దగా ఏమీ కాలేదు. ఆ ప్రమాదానికి ఒక తేదీ ఉంది కాబట్టి, ఇంజనీర్లు ఏళ్ల ముందు నుంచే కూర్చుని ప్రోగ్రాములు సరిచేశారు. ఇప్పుడొచ్చే ఆటంకాలు చెప్పి రావు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో నిలిచిపోయాయి. ఎన్నో విమానాశ్రయాల్లో సిబ్బంది బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. ఆ సంస్థ తన తప్పును 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే ఆగిపోయిన యంత్రాల్లో చాలావాటిని మనుషులు ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్లి సరిచేయాల్సి వచ్చింది. డెల్టా ఎయిర్‌లైన్స్ ఒక్కటే తర్వాతి ఐదు రోజుల్లో సుమారు 7,000 విమానాలు రద్దు చేసుకుంది.

నేను ఈ విషయం మీద ఇంత పట్టుదలగా రాయడానికి కారణం ఆ ఐదు రోజులే. లోపం గంటలో పోవచ్చు, దాని ప్రభావం వారం ఉంటుంది. ఆ వారంలో మీరు తెలియని దేశంలో, తెలియని భాష మధ్య ఉంటే చేతిలో ఏముండాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

1. ముందు ఒక గంట కాగితం పట్టుకుని కూర్చోండి

ఇంటి గుమ్మం దాటిన దగ్గర్నుంచి విదేశంలో మీ గదికి చేరేదాకా ఫోన్‌తో చేసే ప్రతి పనినీ వరుసగా రాయండి. క్యాబ్ పిలవడం, టికెట్ చూపించడం, గేటు నంబర్ చూసుకోవడం, ఇమిగ్రేషన్‌లో హోటల్ అడ్రస్ చెప్పడం, దిగాక డబ్బు తీసుకోవడం, దారి వెతుక్కోవడం, ఇంటికి ‘చేరాను’ అని మెసేజ్ పెట్టడం, పొద్దున లేవడానికి అలారం. నేను మొదటిసారి రాసినప్పుడు రెండు పేజీలు నిండాయి. ఒక చిన్న వస్తువు మీద ఇంత భారం వేశానా అనిపించింది.

ఇప్పుడు ఒక్కో పని పక్కన ఒకే ప్రశ్న రాసుకోండి: ఈ స్క్రీన్ వెలగకపోతే నా దగ్గర ఏముంది? జవాబు ఖాళీగా ఉన్న చోటల్లా ఏదో ఒక ఏర్పాటు కావాలి. కింద చెప్పేవన్నీ ఆ ఖాళీలు నింపడానికే.

2. టికెట్ కొనేటప్పుడే సగం జాగ్రత్త

కనెక్టింగ్ ఫ్లైట్లు ఉంటే మొత్తం ప్రయాణాన్ని ఒకే బుకింగ్‌లో తీసుకోండి. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత విమాన సంస్థదే. నాలుగు డబ్బులు మిగులుతాయని విడివిడిగా కొంటే, రెండో సంస్థకు మీరు సమయానికి రాని ప్రయాణికుడు మాత్రమే. కంప్యూటర్లు ఆగిన రోజున ఈ తేడా చాలా పెద్దది.

మధ్యలో ఆగే సమయం గంటన్నర లోపు ఉంటే తీసుకోకండి. వీలైతే మూడు గంటలు పెట్టుకోండి. ఆలస్యాలు రోజు గడిచేకొద్దీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి కాబట్టి పొద్దున్నే బయల్దేరే విమానం మేలు. పెళ్లి, పరీక్ష, ఇంటర్వ్యూ, ఆపరేషన్ లాంటి తప్పనిసరి పని మీద వెళ్తుంటే కనీసం ఒక పూర్తి రోజు ముందే చేరేలా చూసుకోండి.

ఆటంకం ఎక్కడ మొదలవుతుందో ఊహించలేం. 2023 ఆగస్టు 28న బ్రిటన్ గగనతల నియంత్రణ వ్యవస్థకు ఒక విమానం ప్రయాణ ప్రణాళిక అందింది. అందులో రెండు వేర్వేరు చోట్లకు ఒకే సంకేతనామం ఉంది. దాన్ని అర్థం చేసుకోలేక ప్రధాన వ్యవస్థ, దాని వెనకున్న బ్యాకప్ వ్యవస్థ రెండూ ఆగిపోయాయి. 7 లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. వాళ్లలో చాలామందికి ఆ ప్రణాళికతో ఏ సంబంధమూ లేదు.

ప్రయాణ బీమా కూడా టికెట్ కొన్న రోజే తీసుకోండి. గొడవ వార్తల్లోకి వచ్చాక కొన్న పాలసీ ఆ గొడవకు వర్తించదు. కొనేముందు ‘కవర్ కానివి’ అనే భాగం మొత్తం చదవండి. కంప్యూటర్ వ్యవస్థల వైఫల్యం, సైబర్ దాడి అందులో ఉన్నాయేమో చూడండి. ఉంటే వేరే పాలసీ వెతకండి.

3. కాగితాల ఫోల్డర్

ఈ గైడ్‌లో ఒక్కటే చేయగలను అనుకుంటే ఇదే చేయండి. నీళ్లు పడినా తడవని ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ తీసుకుని, అందులో ఈ కాగితాలు పెట్టుకోండి.

పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ, వీసా పేజీ జిరాక్సులు రెండేసి. ఈ-వీసా గానీ ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి గానీ అయితే దాని ప్రింటవుట్. ఈ-టికెట్ రసీదు పూర్తి ప్రింటవుట్, రానుపోను రెండువైపులదీ. హోటల్ బుకింగ్, దాని మీద ఫోన్ నంబర్‌తో సహా అడ్రస్. ఆ దేశపు లిపిలో కూడా అడ్రస్ ఉంటే టాక్సీ డ్రైవర్‌కు చూపించవచ్చు. బీమా పాలసీ నంబర్, విదేశం నుంచి చేయాల్సిన హెల్ప్‌లైన్ నంబర్. ఆ దేశంలో మీ దేశపు రాయబార కార్యాలయం అడ్రస్, ఫోన్. రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు.

ఈ-టికెట్ రసీదులో రెండు నంబర్లుంటాయి. ఆరు అక్షరాల బుకింగ్ కోడ్ అందరికీ తెలిసిందే, దాన్నే పీఎన్ఆర్ అంటాం. దాంతోపాటు 13 అంకెల టికెట్ నంబర్ ఉంటుంది, మొదటి మూడు అంకెలు విమాన సంస్థ కోడ్. సంస్థకు మీరు డబ్బు కట్టారనడానికి గుర్తు ఈ రెండో నంబరే. వేరే సంస్థ విమానంలోకి మిమ్మల్ని మార్చాల్సి వస్తే కౌంటర్‌లో దీన్నే అడుగుతారు. స్క్రీన్‌షాట్లలో చాలాసార్లు ఇది కనిపించదు, అందుకే పూర్తి రసీదు ప్రింట్ తీయమంటున్నాను.

బోర్డింగ్ పాస్ కూడా చెకిన్ తెరుచుకోగానే ప్రింట్ తీసుకోండి. 2025 సెప్టెంబరులో కాలిన్స్ ఏరోస్పేస్ అనే సంస్థ చెకిన్ సాఫ్ట్‌వేర్ మీద సైబర్ దాడి జరిగినప్పుడు లండన్ హీత్రూ, బ్రస్సెల్స్, బెర్లిన్ విమానాశ్రయాల్లో కౌంటర్ల దగ్గర చేత్తో పని చేయాల్సి వచ్చింది. అలాంటి రోజున ముందే పాస్ చేతిలో ఉండి, కౌంటర్‌లో ఇవ్వాల్సిన లగేజీ లేనివాళ్లకు ఆ క్యూలో నిలబడే పని చాలావరకు తప్పుతుంది. చేతి సంచి ఒక్కదానితో సర్దుకోగలిగితే అంతకన్నా హాయి లేదు.

పెద్ద పెట్టె తప్పదంటే లోపల, బట్టల పైనే, మీ పేరు, ఫోన్, చేరాల్సిన అడ్రస్ రాసిన కాగితం పెట్టండి. బయటి ట్యాగ్ ఊడిపోతే సిబ్బంది పెట్టె తెరిచి చూస్తారు. మీకిచ్చే లగేజీ రసీదు చీటీని బోర్డింగ్ పాస్‌తో కలిపి పారేయకండి.

పాస్‌పోర్టు, ఫోల్డర్ ఒకే సంచిలో ఉంచొద్దు. ఒకటి పోయినా రెండోది ఉండాలి.

4. మందులు

మందులన్నీ చేతి సంచిలోనే. ఇన్సులిన్‌ను కింద కార్గోలో వేస్తే గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. ప్రయాణం ఎన్ని రోజులో అన్ని రోజులకు, పైన మరో వారానికి సరిపడా తీసుకోండి. డాక్టర్ చీటీ మీద కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించుకోండి. కంపెనీ పేర్లు దేశం దాటితే పనికిరావు. అసలు పేరు కూడా ఒక్కోసారి మారుతుంది: మనం పారాసెటమాల్ అనేదాన్ని అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. కొన్ని నిద్రమాత్రలు, గట్టి నొప్పి మందుల మీద కొన్ని దేశాల్లో ఆంక్షలున్నాయి, ముందే కనుక్కోండి. మీ బ్లడ్ గ్రూప్, అలర్జీలు, వాడుతున్న మందులు ఒక చిన్న కార్డు మీద రాసి పర్సులో పెట్టుకోండి.

5. డబ్బును మూడు చోట్ల ఉంచండి

2018 జూన్ 1న యూరప్‌లో వీసా అనే కంపెనీ కార్డుల చెల్లింపు వ్యవస్థ దెబ్బతింది. ఒక డేటా సెంటర్‌లో ఒక స్విచ్ సరిగా పనిచేయకపోవడం కారణం. ఆ రోజు 52 లక్షల లావాదేవీలు విఫలమయ్యాయి. అకౌంట్‌లో డబ్బున్నా దుకాణంలో కట్టలేని పరిస్థితి. అందుకని వేర్వేరు నెట్‌వర్కుల కార్డులు రెండు ఉండాలి, ఒకటి వీసా అయితే రెండోది మాస్టర్‌కార్డ్. బ్యాంకులు కూడా వేర్వేరు అయితే ఇంకా మంచిది. ఒకటి పర్సులో, రెండోది లోపలి జేబులో. ఫోన్‌లోని కార్డును లెక్కలోకి తీసుకోకండి. ప్లాస్టిక్ కార్డు చేతిలో ఉండాలి, దాని పిన్ గుర్తుండాలి. విదేశీ వాడకానికి కార్డు తెరిచి ఉందో లేదో బ్యాంకుతో ముందే చూసుకోండి.

కరెంటు పోతే రెండు కార్డులూ పనిచేయవు. 2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం స్పెయిన్, పోర్చుగల్ దేశాలు దాదాపు మొత్తం చీకటైపోయాయి. ఏటీఎంలు, కార్డు యంత్రాలు, మెట్రోలు, ట్రాఫిక్ సిగ్నళ్లు అన్నీ ఆగాయి. వేలమంది రైళ్లలో చిక్కుకున్నారు. ఆ సాయంత్రం నోట్లు ఉన్నవాళ్లే నీళ్ల సీసా కొనుక్కోగలిగారు. మూడు రోజుల తిండి, రెండు టాక్సీ ప్రయాణాలు, ఒక రాత్రి మామూలు గది ఖర్చుకు సరిపోయే నగదును ఆ దేశపు కరెన్సీలో ముందే తీసుకోండి. చిన్న నోట్లుగా తీసుకోవడం ముఖ్యం. యంత్రం పనిచేయనప్పుడు ఎవరి దగ్గరా చిల్లర ఉండదు. దీనికి తోడు కొన్ని డాలర్లు గానీ యూరోలు గానీ విడిగా దాచండి. ఎంత నగదు దాటితే కస్టమ్స్‌లో చెప్పాలో బయల్దేరే దేశానికీ చేరే దేశానికీ చూసుకోండి.

6. ఫోన్‌ను ఇంటర్నెట్ లేకుండా పనికొచ్చేలా తయారుచేయండి

ఫోన్‌లో జీపీఎస్‌కు ఇంటర్నెట్‌తో గానీ సిమ్‌తో గానీ పని లేదు, అది నేరుగా ఉపగ్రహాల సంకేతాలు అందుకుంటుంది. లేనిది మ్యాప్ ఒక్కటే. ఇంట్లో వైఫై ఉండగానే మీరు వెళ్లే నగరం మ్యాప్ మొత్తం డౌన్‌లోడ్ చేయండి. అనువాద యాప్‌లో ఆ భాషను కూడా. తర్వాత ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, నిజంగా తెరుచుకుంటున్నాయా అని చూడండి. డౌన్‌లోడ్ అయిందనుకుని మోసపోయినవాళ్లు చాలామంది.

ఓటీపీల సంగతి చాలామంది మర్చిపోతారు. రోమింగ్ పనిచేయకపోతే బ్యాంకు ఎస్సెమ్మెస్ రాదు, మెయిల్ తెరుచుకోదు, దాంతో అన్నీ మూతపడతాయి. వీలున్న అకౌంట్లకు ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. అది ఫోన్‌లోని గడియారాన్ని బట్టి కోడ్ తయారుచేస్తుంది కాబట్టి నెట్‌వర్క్ అవసరం లేదు. ఫోన్ అందుబాటులో లేనప్పుడు లోపలికి వెళ్లడానికి మెయిల్ అకౌంట్ ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు ప్రింట్ తీసి ఫోల్డర్‌లో పెట్టండి. ఏ అకౌంటువో దాని మీద రాయొద్దు, మీకు అర్థమయ్యే గుర్తు చాలు.

ఈసిమ్, అంటే చిప్ లేకుండా ఫోన్‌లోకి డౌన్‌లోడ్ అయ్యే సిమ్, తీసుకుంటే బయల్దేరకముందే ఫోన్‌లోకి ఎక్కించుకోండి. దిగాక ఎక్కిద్దామంటే దానికే ఇంటర్నెట్ కావాలి.

పవర్ బ్యాంక్ తప్పనిసరి. అయితే విమానంలో అది చేతి సంచిలోనే ఉండాలి, 100 వాట్-అవర్ దాటకూడదు. లెక్క సులువు: దాని మీద రాసి ఉన్న మిల్లీయాంప్-అవర్ (mAh) సంఖ్యను 3.7తో హెచ్చించి వెయ్యితో భాగించండి. 20,000 మిల్లీయాంప్-అవర్ బ్యాంక్ 74 వాట్-అవర్ అవుతుంది, ఫర్వాలేదు. ఒక చేతి గడియారం, చిన్న టార్చి, బ్యాటరీతో నడిచే చిన్న ఎఫ్ఎం రేడియో కూడా సర్దుకోండి. స్పెయిన్ చీకటైన సాయంత్రం జనం వీధుల్లో ట్రాన్సిస్టర్ల చుట్టూ గుమిగూడి వార్తలు విన్నారు. భాష రాకపోయినా పక్కనున్నవాళ్లతో మాట కలపడానికి ఆ రేడియో ఒక సాకు అవుతుంది.

7. ఇంట్లోవాళ్లతో ముందే ఒక మాట అనుకోండి

ఇది రాయడానికి నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది. ఒకసారి మధ్యలో దిగిన విమానాశ్రయంలో సిస్టమ్స్ ఆగిపోయి రాత్రంతా ఉండిపోయాను. ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. పక్కన కూర్చున్న ఒకావిడ తన ఫోన్ చేతికిచ్చి ఇంటికి చేసుకోమంది. తీసుకుని అలాగే ఉండిపోయాను. అన్నయ్య నంబర్ గుర్తు లేదు, అమ్మ నంబర్ గుర్తు లేదు. అన్నీ పేర్లుగానే తెలుసు. ఆ రాత్రి అమ్మ ఎంత టెన్షన్ పడిందో తెల్లారాక తెలిసింది. ఆ రోజు నుంచి రెండు నంబర్లు దేశం కోడ్‌తో సహా కంఠతా పట్టాను. మీరూ పట్టండి.

ఇంకో మూడు విషయాలు తేల్చుకోండి. ఒకటి, వార్తలన్నీ చేరాల్సిన మనిషి ఒక్కరే ఉండాలి. పదిమందికి పది మెసేజ్‌లు పెట్టే పని తప్పుతుంది, నెట్‌వర్క్ దొరికిన ఆ రెండు నిమిషాల్లో ఒక్కరికి చెబితే మిగతావాళ్లకు వాళ్లు చెబుతారు. ఆ మనిషి దగ్గర మీ ఫోల్డర్‌లోని కాగితాల కాపీలన్నీ ఉండాలి. రెండు, రోజూ ఏ సమయానికి ప్రయత్నిస్తారో అనుకోండి. మూడు, ఎంతసేపు మాట వినిపించకపోతే కంగారు పడాలో ముందే నిర్ణయించండి. ‘ఒక రోజంతా కబురు లేకపోయినా మామూలే అనుకోండి, రెండో రోజు సాయంత్రానికీ లేకపోతే హోటల్‌కు చేయండి, తర్వాత రాయబార కార్యాలయానికి’ అని చెప్పి వెళ్లండి. 2021 అక్టోబరు 4న వాట్సాప్, ఫేస్‌బుక్ సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి. ఆ ఆరు గంటలూ ఏ ఆపదా లేనివాళ్ల ఇళ్లలో కూడా ఆందోళన పడ్డారు. అందుకే వాట్సాప్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, మామూలు ఎస్సెమ్మెస్, మెయిల్ కూడా అనుకున్నవాటిలో ఉండాలి. కాల్ కలవనప్పుడు కూడా ఎస్సెమ్మెస్ వెళ్లే అవకాశం ఎక్కువ.

మీ దేశపు రాయబార కార్యాలయం ప్రయాణికుల వివరాలు నమోదు చేసుకుంటుంటే, బయల్దేరే ముందే చేసుకోండి. పది నిమిషాల పని.

8. ఒక పూట సాధన చేయండి

బయల్దేరే వారం ముందు ఒక ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోన్ ఆపేసి బయటికి వెళ్లండి. కాగితం మీది అడ్రస్‌తో కొత్త చోటికి చేరండి, నోట్లతోనే ఖర్చు పెట్టండి, వేరేవాళ్ల ఫోన్ అడిగి ఇంటికి చేయండి. పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే వాళ్లతో కూడా చేయించండి. ఫోల్డర్‌లో ఏం తక్కువైందో ఆ పూటే తెలుస్తుంది.

9. విమానాశ్రయంలో అన్నీ ఆగిపోతే

ముందు బాత్రూమ్‌కు వెళ్లిరండి, నీళ్ల సీసా నింపుకోండి. తర్వాత క్యూలో నిలబడండి. ఆ క్యూ ఎన్ని గంటలు సాగుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇద్దరు ఉంటే ఒకరు కౌంటర్ దగ్గర నిలబడాలి, ఇంకొకరు విమాన సంస్థకు ఫోన్ చేస్తూ ఉండాలి. ఏది ముందు అందితే అది. బోర్డులు పనిచేయనప్పుడు గేటు దగ్గరే ఉండండి, ప్రకటనలు నోటితోనే చేస్తారు. సిబ్బంది చెప్పింది, చెప్పిన సమయం, కౌంటర్ నంబర్ ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. రద్దయినట్టు లేదా ఆలస్యమైనట్టు ఒక కాగితం మీద రాసిమ్మని మర్యాదగా అడగండి. బీమా వాళ్లు అడిగే మొదటి కాగితం అదే. తిండికి, గదికి పెట్టిన ప్రతి ఖర్చుకూ రసీదు తీసుకోండి.

హక్కులు దేశాన్ని బట్టి మారతాయి. యూరోపియన్ యూనియన్ విమానాశ్రయాల నుంచి బయల్దేరే విమానాలకు 2004 నాటి 261వ నిబంధన వర్తిస్తుంది. కారణం విమాన సంస్థ చేతిలో లేనిదైతే నగదు పరిహారం రాకపోవచ్చు. కానీ తిండి, రాత్రి ఉండాల్సి వస్తే గది, రెండు ఫోన్ కాల్స్ ఇవ్వాల్సిందే. విమానం రద్దయితే డబ్బు వాపసు గానీ వేరే విమానం గానీ ఎంచుకునే హక్కు మీది. లగేజీ దెబ్బతింటే చేతికొచ్చిన 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే వచ్చిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం చెబుతోంది.

కౌంటర్ వెనకున్న మనిషి మీద అరవకండి. ఆ లోపం వాళ్లు చేసింది కాదు, వాళ్లూ గంటల తరబడి నిలబడే ఉన్నారు. ఉన్న కొద్ది సీట్లలో ఎవరిని ఎక్కించాలో పెన్నుతో రాస్తున్నది కూడా వాళ్లే.

10. చేరాక కరెంటు, నెట్‌వర్క్ పోతే

హోటల్‌లో నాలుగో అంతస్తు లోపు గది అడగండి. కరెంటు లేకపోతే లిఫ్టు ఉండదు, పై అంతస్తులకు మోటారుతో ఎక్కే నీళ్లూ రావు. గది తాళం ఫోన్‌లో ఇస్తామంటే ప్లాస్టిక్ కార్డు కూడా ఇమ్మనండి. చేరిన రోజే కాలినడకన వెళ్లగలిగే ఆసుపత్రి, బస్టాండు, కిరాణా కొట్టు ఎక్కడున్నాయో చూసి పెట్టుకోండి. రెండు రోజులకు సరిపడా తాగునీళ్లు, వండాల్సిన అవసరం లేని తిండి గదిలో ఉండాలి.

కరెంటు పోయిన వెంటనే ఇంటికి ఒక ఎస్సెమ్మెస్ పంపండి. సెల్ టవర్లకు బ్యాటరీలు ఉంటాయి గానీ ఎక్కువసేపు రావు కాబట్టి మొదటి గంటలోనే పంపాలి. తర్వాత ఫోన్ ఆపేసి, ఇంట్లో అనుకున్న సమయానికి మాత్రమే తెరవండి. కలిసి వెళ్లినవాళ్లు విడిపోతే ఎక్కడ కలవాలో ముందే ఒక చోటు, ఒక సమయం అనుకుని ఉండాలి. ఆ దేశపు అత్యవసర నంబర్ పర్సులోని కార్డు మీద రాసి ఉంచండి. యూరోపియన్ యూనియన్ అంతటా అది 112.

11. తిరిగొచ్చాక

ఫోల్డర్‌ను అలాగే వదిలేయకండి. మీ పాస్‌పోర్టు జిరాక్సులు, అడ్రస్‌లు అందులో ఉన్నాయి. అక్కర్లేనివి చించేయండి. వాడిన బ్యాకప్ కోడ్‌లు కొట్టేసి కొత్తవి తీసుకోండి. ఇంట్లో కాపీలు ఉంచినవాళ్లను కూడా పాతవి తీసేయమనండి. పవర్ బ్యాంక్ ఖాళీగా పడి ఉంటే పాడవుతుంది, సగం పైన ఛార్జ్ చేసి పెట్టండి. మొదటి రోజు రాసిన జాబితా తీసి, దారిలో ఇబ్బంది పడిన చోట్లు జ్ఞాపకం ఉండగానే దాని కింద రాసి, పాస్‌పోర్టు పెట్టిన బీరువా అరలోనే ఆ ఫోల్డర్‌ను కూడా పెట్టేయండి.